పర్లాకిమిడి, పాతపట్నం శివార్ల తాగునీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ సంఘంలో నీళ్ల లెక్క నా నెత్తిన పడి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఫిబ్రవరి దాటిందంటే చాలు, పాలకోసం వీధిలోకి వెళ్లినా, పెళ్లిభోజనానికి కూర్చున్నా ఎవరో ఒకరు ఇవే ప్రశ్నలు వేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి రాసి పెడుతున్నాను. మేముండే పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, ఏటి అవతలి పాతపట్నం ఆంధ్రలో. ఉండేది ఒడిశాలో అయినా రాసేది తెలుగులోనే. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోట్లాడిన ఊరిది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు, మేం ఉండిపోయాం.

ఏరు ఊరిని ఆనుకునే పోతోంది కదా, మన కొళాయిలో నీళ్లెందుకు రావు?

మహేంద్రతనయ కొండ ఏరు. 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి వైపు నుంచి దిగి వస్తుంది. కొండమీద గట్టి వాన పడితే ఎర్రనీరు ఉరుక్కుంటూ వస్తుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే తగ్గిపోతుంది. ఏప్రిల్ నాటికి కంటికి కనిపించేదంతా ఇసుకే. ఇలాంటి ఏటినుంచి తాగునీరు తీసుకోవాలంటే సాధారణంగా ఇసుకలో ఊటబావి దింపుతారు. ఇసుక పొరల్లో వడకట్టుకుని బావిలోకి ఊరిన నీటిని మోటార్లతో ట్యాంకుకి ఎక్కించి, అక్కణ్నుంచి పైపుల్లోకి వదులుతారు. ఊట తగ్గితే ట్యాంకు నిండదు. సగం ట్యాంకుతో వదిలితే ఒత్తిడి ఉండదు. ఊరి మధ్యవాళ్ల సంపులు నిండాక మిగిలింది శివారుకి రావాలి, మనం పైపు కొసన ఉన్నాం.

మా వీధిలో కొళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి వస్తుంది. తర్వాత తుప్పురంగు నీళ్లు ఓ చెంబెడు. ఆ తర్వాత చిటికెనవేలంత ధార. ఆ ధార ఎన్ని బిందెలకి ఆగిపోయిందో చూసి ఏట్లో ఊట ఎలా ఉందో మా ఆవిడ చెప్పేస్తుంది. మార్చిలో ఆరు బిందెలు, మే నెలలో రెండు.

మా ఇల్లు మునిసిపాలిటీలోకి వస్తుందా, పంచాయతీలోకా? ఎవరిని అడగాలి?

పన్ను రసీదు తీసి చూడండి. నవ్వులాటకి చెప్పడం లేదు, సగంమందికి ఈ సంగతే తెలియదు.

ఒడిశాలో పట్టణాల నీటి సరఫరా గృహ, పట్టణాభివృద్ధి శాఖ కింద పబ్లిక్ హెల్త్ ఇంజనీర్లది. పల్లెలది పంచాయతీరాజ్, తాగునీటి శాఖ కింద గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. రెండింటి కొలతలు కూడా వేరు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలంటుంది. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాలకి 135 లీటర్లు, అవి లేనిచోట 70 లీటర్లు అన్నది కేంద్రం పెట్టుకున్న లెక్క. శివారు కాలనీ బతుకేమో పట్నంలాగా ఉంటుంది, వాషింగ్ మెషీను, రెండు బాత్రూములు, పైన ట్యాంకు. కాగితాల మీద మాత్రం అది పల్లె.

మా కాలనీలో మూడో వీధిదాకా ఒకరి పరిధి, నాలుగో వీధి ఇంకొకరిది. ఒకే గోడ పంచుకున్న రెండిళ్లలో ఒకరికి ఉదయం నీళ్లొస్తాయి, ఒకరికి సాయంత్రం. ఆ గోడ పక్కనే పైపు పగిలితే నేను రాసిన అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అక్కణ్నుంచి మళ్లీ మొదటి ఆఫీసుకి తిరిగి 40 రోజులకి నా దగ్గరికే వచ్చింది, ‘సంబంధిత అధికారిని కలవగలరు’ అని. ఈలోగా గుంటలో కప్పలు పిల్లల్ని పెట్టేశాయి. రెండు రాష్ట్రాల సహకారం గురించి మాట్లాడే ముందు ఈ రెండు వీధుల సంగతి తేల్చుకోవాలని నాకు అప్పుడే అనిపించింది.

ఒడిశా, ఆంధ్ర నీళ్ల తగువు తేలేదాకా మనకి తాగునీళ్లు రావంటున్నారు, నిజమేనా?

కాదు. దీనికి ఒక చిన్న లెక్క చాలు.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. పర్లాకిమిడి, పాతపట్నం, రెండింటి శివార్లు కలిపి 60 వేలమంది అనుకుందాం. అందరికీ పట్నం లెక్కే వేసి మనిషికి 135 లీటర్లు ఇచ్చినా రోజుకి 81 లక్షల లీటర్లు, ఏడాదికి 296 కోట్ల లీటర్లు. అంటే టీఎంసీలో పదో వంతు కాస్త పైన. పైపుల్లో కారిపోయేదానికి ఇంకో సగం కలుపుకోండి, టీఎంసీలో ఆరో వంతు దాటదు. మహేంద్రతనయ కలిసే వంశధారలో రెండు రాష్ట్రాలూ పంచుకునే నీరు 115 టీఎంసీలు. అందులో మన అసలు వాటా వెయ్యి బిందెలకి ఒక్క బిందె కూడా కాదు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఆ 115 టీఎంసీల్లో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపలే వచ్చేస్తుంది, నిలబెట్టుకోలేనిది సముద్రంలో పడుతుంది. మనకి కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. కాబట్టి కొరత నీటికి కాదు, దాన్ని ఎండాకాలం దాకా నిలబెట్టే చోటుకి. ఆ చోటు రిజర్వాయరు కావచ్చు, చెరువు కావచ్చు, ఏటి ఇసుక కావచ్చు.

వంశధార ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసింది కదా? అందులో మనకేముంది?

నేరుగా ఏమీ లేదు. 1962లోనే రెండు రాష్ట్రాలూ చెరి సగం అని ఒప్పందం రాసుకున్నాయి. కాట్రగడ్డ దగ్గర ఆంధ్ర కట్టదలచిన సైడ్ వియర్ (నది పక్కనుంచి నీటిని మళ్లించే కట్ట) మీద 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చు, దానికోసం ఒడిశా వైపు 106 ఎకరాలు సేకరించి ఇవ్వాలి, అక్కడి నీటిలో ఇద్దరికీ వాటా ఉంటుంది అన్నది సారాంశం. దానిమీద ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2021 నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని నేరడి, జంఝావతి ప్రాజెక్టు, రెండు రాష్ట్రాలూ మావే అంటున్న కొఠియా గ్రామాల సంగతి మాట్లాడుకుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామన్నారు.

ఇదంతా కాలువలకీ పొలాలకీ సంబంధించిన పెద్ద గొడవ. మన బిందె దాని వెనక క్యూలో నిలబడనక్కర్లేదు. జాతీయ జల విధానం కూడా తాగునీటి అవసరానికే ముందు చోటిస్తుంది.

రెండు రాష్ట్రాల ఊళ్లు కలిసి ఒకే నీటి పథకం పెట్టుకోవడం కుదిరే పనేనా?

రాజ్యాంగంలో నీటి సరఫరా రాష్ట్రాల జాబితాలో ఉంది. అంటే రెండు ప్రభుత్వాలూ సంతకం పెట్టాలి, మన సర్పంచిగారో చైర్మన్‌గారో పెడితే సరిపోదు. కానీ ముందు ఎవరూ చెయ్యని పని కాదిది.

మద్రాసు సంగతి గుర్తుందా? ఆ నగరం దాహానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణానీరు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. కాలువలు తవ్వి నీళ్లు అక్కడికి చేరేసరికి 1996 వచ్చింది. ఇరవయ్యేళ్లు పట్టింది, అయినా చేరాయి. అలమట్టి ఎత్తు మీద కొట్టుకున్నవాళ్లే ఈ ఒప్పందం మీదా సంతకాలు చేశారు.

ఇంకో సరిహద్దులో బాభళి ఉంది. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన 2.74 టీఎంసీల బ్యారేజీ. అక్కడ కూడా మనలాంటి తెలుగువాళ్లే, మరాఠీ ఆఫీసులో తెలుగు మాట్లాడుకునేవాళ్లు. 2010లో చంద్రబాబునాయుడుగారు ఎమ్మెల్యేలతో చూడటానికి వెళ్తే ధర్మాబాద్‌లో నిర్బంధించేంత రచ్చ జరిగింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తేల్చింది. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి, ఇది చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉండాలి. నాకు ఇందులో నచ్చింది తేదీలు. ‘పరస్పర సహకారంతో’ లాంటి మాటలకి అర్థం ఎవరిష్టం వారిది. మార్చి 1 అంటే మార్చి 1.

మనకి దగ్గర్లో మాచ్‌ఖండ్ ఉంది. 1955 నుంచి రెండు రాష్ట్రాలూ కలిసి నడుపుతున్న జలవిద్యుత్ కేంద్రం. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం రెండైంది, తగాదాలు నడిచాయి, కరెంటు పంచుకోవడం ఆగలేదు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే జంఝావతి చూడండి. ఒడిశాలో మునిగే భూముల సంగతి తేలక, ఆంధ్ర 2006లో రబ్బరు డ్యామ్ పెట్టుకుని ఉన్నంతలో సర్దుకుంది.

హిరమండలం నీళ్లు ఇచ్ఛాపురం దాకా పైపుల్లో పంపారు. మనకెందుకు పంపరు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మొహంలో కాస్త కోపం కనిపిస్తుంది, అర్థం చేసుకోదగ్గదే. ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో తరాలు నష్టపోయాయి. అక్కడి భూగర్భ జలం బదులు నదీజలం ఇవ్వాలని సుమారు 700 కోట్లతో పథకం కట్టి, హిరమండలం రిజర్వాయరు నుంచి పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లోని 807 గ్రామాలకి నీరిచ్చేలా 2023 డిసెంబరులో ప్రారంభించారు.

పైపు రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే డబ్బు పెట్టింది ఒక రాష్ట్రం. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ పథకం ఒక సంగతి రుజువు చేసింది. వానాకాలపు వంశధార నీటిని నిల్వచేసి, శుద్ధిచేసి, మైళ్ల దూరం మోసుకెళ్లి శివారు వీధిలో కొళాయికి ఇవ్వడం సాధ్యమేనని. ఒడిశా తన వాటా నీటిని తన వైపు ఇలాగే నిల్వ చేసుకోవచ్చు. లేదా ఇటువైపు వాడకానికి డబ్బు కట్టి అటువైపు శుద్ధి కేంద్రం నుంచి నీరు కొనుక్కోవచ్చు. రెండో దారి చవక, మొదటి దారికి సంతకాలు తక్కువ. నన్నడిగితే రెండోది. ఆఫీసువాళ్లు ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారని కూడా నాకు తెలుసు.

ఇసుక లారీలకీ మన కొళాయికీ ఏమిటి సంబంధం?

చాలా ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ముతక ఇసుక ఘనమీటరుకి 200 లీటర్లకి పైగా నీటిని దాచుకుని, అడిగితే వదులుతుంది. మన ట్రాక్టరు తొట్టిలో పట్టేది వంద ఘనపుటడుగులు, అంటే 2.8 ఘనమీటర్లు. నీటిమట్టం కింద ఉన్న ఇసుక ఒక ట్రాక్టరు పోయిందంటే దాదాపు 600 లీటర్ల నీరు దాచుకునే కుండ పోయినట్టే. రాత్రికి 50 ట్రాక్టర్లు వెళ్తే 30 వేల లీటర్లు. ఇది ఒక్కసారి నష్టం కాదు, ఆ కుండ మళ్లీ ఇసుక మేట వేసేదాకా ఏటా ఖాళీయే. ఇంకా పెద్ద దెబ్బ వేరే ఉంది. ఏటి అడుగు దిగిపోతే ఇసుకలో నీటిమట్టం కూడా దాంతోపాటే దిగుతుంది. ఊటబావి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బావిలోకి నీళ్లు తెచ్చే గొట్టాల మీద ఇసుక పలచబడితే వడకట్టే పొర పోయి, వాన పడగానే బురదనీరు లోపలికి వస్తుంది.

ఇక్కడే సరిహద్దు చిక్కు. ఆంధ్ర వైపు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, వంతెనలు, ఆనకట్టల్లాంటి కట్టడాలకి 500 మీటర్లలోపు ఇసుక తియ్యకూడదంటుంది. ఒడిశా వైపు 2016 నాటి చిన్న ఖనిజాల నియమావళి వేరే. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు 3 మీటర్ల లోతు దాటొద్దంటాయి. ఏరు ఒకటే, పుస్తకాలు మూడు. ఇటువైపు తనిఖీ వస్తే ట్రాక్టరు ఏరు దాటి అటువైపు గట్టు ఎక్కుతుంది, అటువైపు వస్తే ఇటు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఏటి మధ్యలో ఆగిపోతారు. ఇది నేను కళ్లారా చూశాను, తెల్లవారుజామున, లైట్లు ఆర్పిన ట్రాక్టరు మోకాలి లోతు నీళ్లలో ఇంజను మోత తగ్గించి నిలబడి ఉండటం. డ్రైవరు కుర్రాడు మా వీధివాడే. ‘అంకుల్, మీ మేడకి ఇసుక ఎక్కణ్నుంచి వచ్చిందనుకున్నారు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

రెండు తహశీల్దారు ఆఫీసులూ ఒకే రోజు, ఒకే గంటకి రెండు గట్ల మీదా నిలబడితే చాలు. దానికి ట్రిబ్యునల్ అక్కర్లేదు, ఒక ఫోన్‌కాల్ చాలు.

ఈ గొడవలన్నీ ఎందుకు, ఎవరి బోరు వాళ్లు వేయించుకుంటే పోలా?

వేయించాను. 280 అడుగులకి కూడా దుమ్ము వచ్చింది. బోరు బండివాళ్లు అడుగుకింత అని లెక్కకట్టి తీసుకుని, ‘ఇంకో వంద వేద్దామా సార్’ అన్నారు. వద్దన్నాను. పక్కింట్లో 140 అడుగులకే పడింది, రెండేళ్లు బాగా పోసింది, ఇప్పుడు ఇరవై నిమిషాలకి ఆగిపోతోంది.

మన కింద తూర్పు కనుమల గట్టిరాయి. నీరుండేది పైన కుళ్లిన రాతిపొరలో, కింద అక్కడక్కడా పగుళ్లలో. పగులు తగిలితే అదృష్టం, లేకపోతే గొట్టం దండగ. వీధిలో అందరూ వేస్తే ఉన్న పగులునే అందరూ పంచుకోవాలి. చెరువులు నిండుగా ఉంటే చుట్టుపక్కల నూతుల్లో నీళ్లుంటాయని మన పెద్దవాళ్లకి తెలుసు. సీతసాగరం లాంటి చెరువులు అందం కోసమే కాదు. కొత్త కాలనీల లేఅవుట్లు వేసేటప్పుడు గెడ్డల్ని, అంటే వాననీటి వాగుల్ని, పూడ్చి రోడ్లు వేస్తున్నాం, ఆ గెడ్డలే కదా చెరువుకి నీళ్లు తెచ్చేవి.

కొళాయికి నేరుగా మోటారు పెట్టుకుంటే తప్పా?

తప్పే. మీ మోటారు లాగేది మీ తర్వాతి నాలుగిళ్ల నీళ్లు. పైగా పైపులో పీల్పు పుట్టి, చిల్లు ఉన్నచోట పక్క కాలువ మురుగు లోపలికి వస్తుంది. ఆ మొదటి గ్లాసు తాగేది మీరే.

ఇరవై లీటర్ల క్యాన్లు కొంటున్నాం, చాలదా?

తాగడానికి చాలు, బతకడానికి చాలదు. కొళాయి నీరు సరిగ్గా క్లోరిన్ వేసి ఇస్తే క్యాన్ కన్నా భయపడాల్సిన పనిలేదు. పైపు కొసన ఉన్న ఇంట్లో కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. చిన్న పరీక్ష కిట్‌తో చూసుకోవచ్చు. నీళ్లకి కాస్త మందు వాసన వస్తే చిరాకు పడకండి, రాకపోతేనే అడగండి. క్యాన్ నింపే ప్లాంటు కూడా మన భూమిలో నీళ్లే తోడుతుందనీ, అందులో బాగానే కాలువలోకి వదిలేస్తుందనీ గుర్తుంచుకోండి.

తుపాను వస్తే?

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద విరుచుకుపడింది. చుట్టూ వరద, ఇంట్లో తాగడానికి చుక్క లేదు. కరెంటు స్తంభాలు పడిపోతే పంపులు తిరగవు, పంపులు తిరగకపోతే ట్యాంకు ఖాళీ. ఆ నాలుగు రోజులు మా వీధిని కాపాడింది చివరింటి ముసలమ్మగారి పాత నుయ్యి. అంతకు ఏడాది ముందే దాన్ని పూడ్చేయమని సంఘం తీర్మానం చేసింది, అమ్మగారు వినలేదు.

పంపుహౌసుకి జనరేటరు, దానికి డీజిలు, డీజిలుకి బాధ్యుడి పేరు, ఈ మూడూ అక్టోబరు రాకముందే అడగండి. పాతపట్నం వైపు కరెంటు ముందొస్తే అక్కణ్నుంచి ట్యాంకర్లు ఇటు రావడానికి, ఇటు ముందొస్తే అటు వెళ్లడానికి ముందే మాట అనుకుని ఉండాలి. రైలు నౌపడ నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్తోంది. గేటు దగ్గర ఎవరూ ఏ రాష్ట్రం అని అడగరు.

అర్జీ ఎవరికి, ఏ భాషలో పెట్టాలి?

ఇటువైపు ఒడియాలో పెట్టండి. తెలుగులో పెడితే తీసుకోరని కాదు, చదివించుకునే లోపు వారం పోతుంది. మన పిల్లలు ఒడియా మీడియంలో చదివారు కదా, రాయించండి. పంచాయతీ పరిధివాళ్లు పల్లీసభలో (ఊరి ఓటర్ల సభలో) తీర్మానం చేయించాక పెడితే బరువుంటుంది. ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జనసునాణిలో పెట్టిన అర్జీకి నంబరు వస్తుంది, దాచుకోండి. అటువైపు సోమవారం గ్రీవెన్సులో తెలుగులోనే ఇవ్వచ్చు.

అర్జీలో ‘నీటి ఎద్దడి తీర్చగలరు’ అని రాయకండి. ఫలానా వీధి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీదాకా, రోజుకి ఎన్ని నిమిషాలు, ఎన్ని బిందెలు. మా ఆవిడ క్యాలెండరు మీద వేసిన గీతలు ఫొటో తీసి జతచేశాను ఒకసారి. ఇంజనీరుగారు ముందు నవ్వి, తర్వాత ఆ కాగితం తన ఫైల్లో పెట్టుకున్నారు. ఆ నెలలోనే వాల్వు మార్చారు.

పాతపట్నం వైపు ఎవరైనా మనతో కలిసి వస్తున్నారా?

ఒకరు. మా వియ్యంకుడుగారు. ఏటి అవతల ఆయన పెరట్లో నుయ్యి ఉంది, ఇవతల చివరింటి అమ్మగారి నుయ్యి ఉంది. నైలాన్ తాడుకి రాయి కట్టి, అడుగడుగుకీ ఎర్ర రంగు గుర్తు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి, తోడకముందే, ఇద్దరం దించి నీరెన్ని అడుగుల కింద ఉందో చూసి వాట్సాప్‌లో పంపుకుంటాం. ‘బావగారూ, మాది 19’ అంటారాయన. ‘మాది 21’ అంటాను నేను. కిందటి మార్చిలో రెండు వారాల్లో రెండు నూతులూ ఒకేసారి మూడడుగులు దిగాయి. వెళ్లి చూస్తే ఎగువన కొత్తగా ఇసుక తవ్విన గుంట. ఆయన అటు ఆఫీసులో, నేను ఇటు ఆఫీసులో అదే పట్టిక, అవే తేదీలతో ఇచ్చాం.

మీ ఇంట్లో నుయ్యి ఉంటే తాడు ఖర్చు అరవై రూపాయలు. రంగు మా ఇంట్లో ఇంకా సగం డబ్బా ఉంది, వచ్చి పట్టుకెళ్లండి.